పెరటాసి శనివారాలకు పన్నెండు వారాల తయారీ: మెట్లెక్కే మనిషి వారంలో బరువులు ఎక్కడ, కార్డియో ఎక్కడ

ఈ కేసులోని వ్యక్తికి 43 ఏళ్లు. తిరుపతిలో బట్టల షాపు. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా కౌంటర్ దగ్గర నిలబడే పని. నెలకో శనివారం అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతారు. పెరటాసి (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ఉండే తమిళ నెల) వచ్చిందంటే ప్రతి శనివారమూ ఎక్కుతారు. పోయిన పెరటాసిలో రెండో శనివారానికే కుడి మోకాలు పట్టేసి, మిగతా శనివారాలు బస్సులో వెళ్లాల్సి వచ్చింది. జూన్ ఆఖరులో ట్రైనర్లమైన మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన అడిగింది ఒకటే: ఈసారి అన్ని శనివారాలూ నడిచే ఎక్కాలి. పొట్ట తగ్గితే మంచిదే గానీ, అది తర్వాతి మాట.

వ్యాయామం చెయ్యని మనిషి కాదు. వారానికి ఐదు రోజులు జిమ్‌లో ఉంటారు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాం. ఇలాంటి వాళ్లకు కష్టం తక్కువై కాదు, కష్టమైన రోజులు ఒకదాని మీద ఒకటి పడి దెబ్బ తగులుతుంది.

వచ్చేనాటికి ఆయన వారం

సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం చేతులు, గురువారం భుజాలు, శుక్రవారం కాళ్లు. ప్రతిరోజూ చివర్లో కార్డియో, అంటే గుండె వేగం పెంచే వ్యాయామం: 40 నిమిషాలు ట్రెడ్‌మిల్. శుక్రవారం బార్‌బెల్ స్క్వాట్ (భుజాల మీద బరువు రాడ్‌తో గుంజీలు), లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టడం), లెగ్ ఎక్స్‌టెన్షన్ (కూర్చుని బరువుతో కాళ్లు చాచడం), ఒక్కొక్కటి నాలుగు సెట్లు, సెట్‌కి పది సార్లు. ఒక్కో సారిని ఒక రెప్ అంటారు, అంటే కాళ్లకు 120 రెప్స్. మర్నాడు పొద్దున్నే అలిపిరి.

"రోజూ నలబై నిమిషాలు ట్రెడ్‌మిల్ చేస్తా ఉండాను గదా మాస్టర్, మెట్ల దగ్గర మాత్రం ఎందుకిట్లా అవతా ఉండాది?" అన్నది ఆయన ప్రశ్న. జవాబు ట్రెడ్‌మిల్ మీద నిలబడిన తీరులోనే ఉంది. ఇంక్లైన్ (బెల్టు ఏటవాలు) 12 పెట్టి, ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చి నడిచేవారు. అలా వాలితే శరీరం బెల్టుకు నిలువుగా అవుతుంది, ఎత్తు ఎక్కే పని చాలావరకు చేతులు మోసేస్తాయి. తెర మీద కనిపించే కేలరీల అంకె మాత్రం పట్టుకోకుండా నడిచినట్టే లెక్క వేస్తుంది. ఏడాదిగా పిక్కలకూ తొడలకూ అందాల్సిన పని అందలేదు.

కొలతలు

ఎత్తు 170 సెం.మీ., బరువు 84 కిలోలు, బీఎంఐ 29. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని వైద్యులు లెక్క వేస్తారు కాబట్టి 29 చిన్న అంకె కాదు. నడుము 101 సెం.మీ.; దక్షిణాసియా మగవాళ్లకు హద్దు 90. నిద్ర లేవగానే నాడి 74. బీపీ 136/86. తండ్రికి షుగర్ ఉంది. ఈ రెండు కారణాల వల్ల ముందు డాక్టరు దగ్గరికి పంపాం. ఈసీజీ, షుగర్ పరీక్షలు చూసి డాక్టరు అనుమతి ఇచ్చాకే బరువులు ముట్టుకున్నది. బీపీ 180/110 దాటి ఉన్న రోజు ఎవరికైనా వ్యాయామం వద్దు, ఆ రోజు పని డాక్టరు దగ్గరే.

జిమ్‌లో మేము చూసినవి మూడు. ఒకటి, 20 సెం.మీ. ఎత్తు పెట్టె మీద ఒంటికాలి మీద నిలబడి, రెండో మడమ నేలకు తగిలేదాకా మెల్లగా దిగడం. కుడి కాలి మీద దిగినప్పుడు మోకాలు లోపలికి వంగిపోయింది, నొప్పి పదికి ఐదు అన్నారు. ఎడమ వైపు నొప్పి లేదు. రెండు, గోడకు వేలు ఆనించి ఒంటికాలి మీద మడమ పైకెత్తడం. కుడి 11 సార్లు, ఎడమ 17. మూడు, బెంచీ మీద కూర్చుని చేతులు కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో: 13.

ఎక్కేటప్పుడు నొప్పి లేదు, దిగేటప్పుడే. మోకాలి చిప్ప చుట్టూ, ముందు వైపు. వాపు లేదు, మోకాలు బిగుసుకుపోవడం లేదు, ఒక్కసారిగా సడలిపోవడమూ లేదు. ఈ మూడింటిలో ఏది ఉన్నా మేము ప్లాన్ రాయం, ఎముకల డాక్టరుకు చూపించమంటాం.

మెట్లు ఏ లెక్కలోకి వస్తాయి

అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లే, అందుకే నిటారు. అలిపిరి దారి అంతా ఒకేలా ఉండదు. గాలి గోపురం దాకా ఎక్కుడు, తర్వాత చాలాదూరం చదునుగా నడక, చివర్లో మళ్లీ మోకాళ్ల పర్వతం. కాళ్లు బాగా అలిసినాక గట్టి మెట్లు వస్తాయి, చాలామందికి మోకాలు అక్కడే మొరాయిస్తుంది.

ఒక్కో కాలు 1,775 సార్లు ఒంటి బరువును పైకెత్తాలి. శుక్రవారం జిమ్‌లో చేసిన 120 రెప్స్ పక్కన ఈ అంకె పెట్టి చూపిస్తే ఆయనకు ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. కొండెక్కడాన్ని అందరూ కార్డియో అంటారు. గుండె వేగం చూస్తే నిజమే. కానీ కాళ్ల వైపు నుంచి చూస్తే వారంలో అదే పెద్ద లెగ్ డే. వారం రాసేటప్పుడు ముందు శనివారం గడిని నింపాలి. మిగతా ఆరు రోజులు దానికి అనుగుణంగా సర్దుకోవాలి.

కొత్తగానో, గట్టిగానో పని చేసిన కండరం నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉంటుంది. ఆ గంటల్లో కండరం బలం కూడా తగ్గి ఉంటుంది. శుక్రవారం స్క్వాట్ చేసిన తొడలు శనివారం మెట్లెక్కితే, మోకాలిని అదుపులో పెట్టాల్సిన కండరం పూర్తి శక్తితో పని చెయ్యదు. ఆ భారం చిప్ప కిందికి పోతుంది. పోయిన పెరటాసిలో జరిగింది ఇదేనని మా అంచనా.

బరువులూ కార్డియో రెండూ కలిపితే బలం పెరగదన్న మాట జిమ్‌లలో బాగా వినిపిస్తుంది. దాని వెనక 1980లో రాబర్ట్ హిక్సన్ చేసిన ప్రయోగం ఉంది. పది వారాల పాటు రెండూ కలిపి చేసినవాళ్లకు ఏడో వారం దాకా బలం పెరిగి, తర్వాత ఆగిపోయి, చివర్లో కొంచెం తగ్గింది. కానీ వాళ్లు చేసింది వారానికి ఐదు రోజుల బరువులు, ఆరు రోజుల గట్టి కార్డియో. మూడు రోజుల బరువులు, రెండు రోజుల మెల్లని నడక చేసే షాపు యజమానికి ఆ భయం అక్కర్లేదు. అయితే అందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. గట్టి కార్డియో, గట్టి కాళ్ల వ్యాయామం ఒకదాన్నొకటి తింటాయి, వాటి మధ్య ఎడం ఉండాలి.

వారం అమరిక

శనివారానికి ముందు మూడు రోజులు, తర్వాత నాలుగు రోజులు దూరంగా ఉన్న రోజు బుధవారం. కాళ్ల బరువులు అక్కడే పెట్టాం. మిగతావి ఇలా కుదిరాయి:

సోమవారం: పై శరీరం, చివర్లో మోకాలికి తేలికపాటి పని, 55 నిమిషాలు.
మంగళవారం: మెల్లని కార్డియో 35 నిమిషాలు.
బుధవారం: కాళ్లు, 60 నిమిషాలు.
గురువారం: మెల్లని కార్డియో 30 నిమిషాలు, సైకిల్ మీద.
శుక్రవారం: పై శరీరం 40 నిమిషాలు. కాళ్లకు సున్నా.
శనివారం: మెట్లు, లేదా పొడవాటి నడక.
ఆదివారం: సెలవు. సాయంత్రం ఇంట్లోవాళ్లతో ప్రకాశం పార్కు చుట్టూ తిరిగితే చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ కార్డియో, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం. మంగళ, గురువారాల 65 నిమిషాలకు కొండెక్కే శనివారం కలిస్తే 150 దాటుతుంది. పాత వారంలో ఆయన ట్రెడ్‌మిల్ మీద 200 నిమిషాలు ఉండేవారు. తగ్గించడానికి మొదట్లో ఒప్పుకోలేదు.

సోమవారం డంబెల్ బెంచ్ ప్రెస్, కేబుల్ రో, లాట్ పుల్‌డౌన్, కూర్చుని భుజాల ప్రెస్, ప్లాంక్. మూడేసి సెట్లు, 8 నుంచి 12 రెప్స్. శుక్రవారం అవే కదలికలు వేరే కోణంలో, రెండేసి సెట్లు. దీని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఏ మంచి ట్రైనరైనా ఇలాగే రాస్తారు. అసలు విషయం బుధవారంలో ఉంది.

బుధవారం

మొదట ఐదు నిమిషాలు సైకిల్, తర్వాత బరువు లేకుండా రెండు సెట్ల స్క్వాట్. బార్‌బెల్ స్క్వాట్ తీసేశాం. బదులుగా ఒక డంబెల్‌ను ఛాతీకి ఆనించి పట్టుకుని, వెనకున్న 45 సెం.మీ. బెంచీకి పిరుదులు తగిలేదాకా కూర్చుని లేవడం. స్క్వాట్‌లో మోకాలు ఎంత వంగితే చిప్ప కింద ఒత్తిడి అంత పెరుగుతుంది. బెంచీ ఉంటే లోతు ప్రతిసారీ ఒకటే, నొప్పి లేని హద్దు దాటే అవకాశం ఉండదు. 12 కిలోలతో మూడు సెట్లు, ఎనిమిదేసి.

పెంచే పద్ధతి ఒకటే. మూడు సెట్లలోనూ 12 రెప్స్ వచ్చి, ఇంకో రెండు చెయ్యగలనన్న ఊపు మిగిలితే, తర్వాతి వారం 2 లేదా 2.5 కిలోలు పెంచి మళ్లీ 8 నుంచి మొదలు. ఊపిరి బిగబట్టడం ఉండదు. లేచేటప్పుడు వదలాలి. బీపీ అంచున ఉన్నవాళ్లకు ఈ ఒక్క అలవాటు చాలా ముఖ్యం. బిగబట్టి ఎత్తితే బీపీ ఆ క్షణంలో బాగా ఎగబాకుతుంది.

రెండోది రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగానే వంచి, తుంటి దగ్గర ముందుకు వంగి, చేతుల్లోని బార్‌ను కిందికి దించి పైకి లేవడం), 30 కిలోలతో మొదలు. తొడ వెనక భాగం, పిరుదులు మెట్లెక్కేటప్పుడు ఒంటిని పైకి నెట్టే ఇంజను. షాపులో నిలబడే వాళ్లకు ఇవి బలహీనంగా ఉంటాయి. మెట్టు మెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెట్టే మొక్కు ఉన్నవాళ్లకైతే ఇదే మొదటి వ్యాయామం కావాలి. తక్కువ బరువు, ఎక్కువ రెప్స్. వాళ్లకు మోకాలి కంటే ముందు నడుము అలిసిపోతుంది.

మూడోది ఈ కేసులో కీలకం: మెట్టు దిగడం. 10 సెం.మీ. పెట్టె మీద కుడికాలు ఉంచి, ఎడమ మడమ నేలకు తగిలేదాకా మూడు సెకన్లు లెక్క పెడుతూ దిగాలి. తగలాలి, బరువు వెయ్యకూడదు. ఎదురుగా అద్దం. చిప్ప మధ్యభాగం రెండో కాలి వేలి దిశలో ఉండాలి. లోపలికి వాలిందంటే ఆ రెప్ లెక్కలోకి రాదు. రెండేసి సెట్లు, ఎనిమిదేసి, రెండు కాళ్లకూ. సోమవారం చివర ఒక సెట్. నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలుగా ఉండాలి. ఈ రెండూ రెండు వారాలు నిలబడితే పెట్టె ఎత్తు 10 నుంచి 15, తర్వాత 20.

లెగ్ ఎక్స్‌టెన్షన్‌ను కొందరు మోకాళ్లకు విషమన్నట్టు మాట్లాడతారు. మేము ఉంచాం. కాకపోతే మోకాలు 90 డిగ్రీల వంపు నుంచి 45 దాకానే, పూర్తిగా చాచకుండా. ఆ మధ్యలో చిప్ప మీద ఒత్తిడి తక్కువగా ఉంటుంది. చివరి 45 డిగ్రీల్లోనే పెరుగుతుంది.

ఆఖర్న పిక్కలు. నిలబడి మూడు సెట్లు, మోకాలు వంచి కూర్చుని రెండు సెట్లు. మోకాలు వంచినప్పుడు లోపలి పిక్క కండరం ఎక్కువ పని చేస్తుంది, మెట్ల మీద మోకాలు వంగే ఉంటుంది కదా. ఆయన చెప్పులు లేకుండా ఎక్కుతారు. మడమకు బూటు మెత్త ఉండదు కాబట్టి పాదం, పిక్క మీద పని పెరుగుతుంది. అందుకే ఐదో వారం నుంచి పిక్కల వ్యాయామం ఒట్టి కాళ్లతోనే చేయించాం.

మంగళ, గురువారాలు

ట్రెడ్‌మిల్ ఇంక్లైన్ 12 నుంచి 5కు దించాం, వేగం గంటకు 5 కిలోమీటర్లు, కడ్డీ మీద చెయ్యి పడకూడదు. మొదటిరోజు పన్నెండో నిమిషానికి పిక్కలు లాగేశాయి. నాడి లెక్క ఇలా: 208లోంచి వయసు 43ను 0.7తో గుణించి తీసేస్తే గరిష్ఠ వేగం 178. విశ్రాంతి నాడి 74. తేడా 104. అందులో 40 నుంచి 59 శాతం 74కు కలిపితే 116 నుంచి 135. మెల్లని కార్డియో అంటే ఆ హద్దు లోపలే. ఇది సగటు సూత్రం, మనిషికీ మనిషికీ పదో, ఇంకా ఎక్కువో తేడా రావచ్చు. అందుకని వాచీ మీద పూర్తిగా ఆధారపడకుండా నోటితో పరీక్ష పెట్టాం: "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవిందా" అని మధ్యలో తెగకుండా గట్టిగా అనగలగాలి. రెండో గోవిందకు ముందే ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. కొండ మీదా ఇదే పరీక్ష పనికొస్తుంది.

గురువారం సైకిల్, ఎందుకంటే బుధవారం నొప్పి మీద నడక ఒత్తిడి వద్దు. సీటు ఎత్తు పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా. జిమ్ సైకిళ్ల సీట్లు తరచూ కిందికి దించి ఉంటాయి. అలాగే తొక్కేస్తే మోకాలి ముందు నొప్పి పెరుగుతుంది.

శనివారాల వరుస

మొదటి రెండు శనివారాలు ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో 50, 60 నిమిషాల నడక, మెట్లు లేవు. మూడోవారం నుంచి లిఫ్టు ఉన్న నాలుగంతస్తుల అపార్టుమెంట్. మెట్ల మీద ఎక్కి, లిఫ్టులో దిగడం. అంతస్తుకు 20 మెట్లు, రౌండుకు 80. ఎనిమిది రౌండ్లు. నాలుగో వారం తేలిక వారం, ఐదు రౌండ్లే, బరువుల సెట్లు కూడా మూడింటికి రెండు.

దిగడం ఎందుకు తీసేశాం అన్నది చాలామంది అడుగుతారు. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు సాగుతూ బ్రేకు వేస్తుంది. కండరానికి ఎక్కువ దెబ్బ తగిలేది, చిప్ప మీద ఒత్తిడి పెరిగేది ఈ బ్రేకు పనిలో. దాన్ని బుధవారం పెట్టె మీద, లెక్క పెట్టుకుని, కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి. వందల మెట్లు ఒకేసారి దిగి కాదు. అయినా కొండ నుంచి బస్సులో దిగొచ్చు.

ఐదో వారం శ్రీవారి మెట్టు. ఎక్కడం బాగానే సాగింది. కానీ పైన బస్సు కోసం లైను పెద్దదిగా ఉందని మెట్ల మీదే దిగేశారు, 2,388 మెట్లు. ఆదివారం మోకాలు పదికి ఐదు, సోమవారం కూడా నాలుగు. ఆ వారం బుధవారం స్క్వాట్ తీసేసి, పెట్టె ఎత్తు 15 నుంచి 10కి దించి, డెడ్‌లిఫ్ట్, పిక్కలు యథాతథంగా ఉంచాం. శనివారం మళ్లీ చదును నడక. పూర్తిగా మానేసి పడుకోమని చెప్పలేదు. వారం రోజులు ఏమీ చెయ్యకపోతే నొప్పి తగ్గుతుంది గానీ బలం రాదు, తర్వాతి శనివారం కథ మళ్లీ మొదటికొస్తుంది. తొమ్మిది రోజులకు నొప్పి ఒకటికి వచ్చింది.

ఎనిమిదో వారం మళ్లీ శ్రీవారి మెట్టు, ఈసారి బస్సులో దిగారు. పదో వారం అలిపిరి. పదకొండు, పన్నెండు వారాలు తేలిక.

మరో రెండు పొరపాట్లు

ఏడో వారం డెడ్‌లిఫ్ట్ తర్వాత నడుము పట్టింది. నోటుబుక్కులో అంకె మారలేదు: ప్లేట్లు ఒక్కో వైపు 20. మారింది రాడ్. అంతవరకు వాడింది 8 కిలోల చిన్న రాడ్, ఆ రోజు అది ఖాళీ లేక ఏడడుగుల 20 కిలోల బార్ తీసుకున్నారు. 48 కిలోలు అనుకున్నది 60 అయింది. వారానికి రెండున్నర కిలోలు పెంచాల్సిన చోట పన్నెండు పెరిగింది. చాలా రాడ్‌ల మీద బరువు రాసి ఉండదు. రాడ్ పట్టుకుని బరువు యంత్రం మీద నిలబడి, మీ బరువు తీసేస్తే తెలుస్తుంది. పుస్తకంలో ప్లేట్లు కాదు, రాడ్‌తో కలిపిన మొత్తం రాయాలి. మేము ఆ రోజే రాడ్‌లన్నిటికీ రంగు టేపు చుట్టించి బరువు రాయించాం.

రెండోది మంగళవారం. పక్క మెషీన్ మీద స్నేహితుడు చేరాక నడక పందెంగా మారింది. నాడి 150 దాటుతోంది. రెండు వారాలు వరసగా బుధవారం స్క్వాట్‌లో రెప్స్ 11 నుంచి 8కి పడిపోయాయి. తిండి, నిద్ర మారలేదు. మంగళవారం వేగం మళ్లీ 5కు దించగానే మూడో వారం 12 వచ్చాయి. ఎవరికైనా బరువులు ఉన్నట్టుండి పడిపోతే, ఆ రోజు పని కంటే ముందురోజు పనిని చూడాలి.

తిండి

షాపులో రోజుకు ఆరు టీలు, రెండేసి చెంచాల పంచదార. చెంచా ఐదు గ్రాములనుకున్నా 60 గ్రాములు, దాదాపు 240 కేలరీలు. రెండు టీలు, ఒక్కో చెంచా అన్నాం. సాయంత్రం బజ్జీల బదులు వేయించిన శనక్కాయలు గుప్పెడు. రాత్రి సంగటి మానలేదు, ముద్ద సైజు తగ్గించి పప్పు, కూర పెంచాం. అంతే. వేరే డైట్ ఏదీ లేదు.

ప్రోటీన్ రోజుకు 110 గ్రాముల దాకా పెట్టుకున్నాం. కోడి, గుడ్లు ఉన్న నెలల్లో ఇది కష్టం కాదు. పెరటాసిలో ఇంట్లో నీసు వండరు, గుడ్డు కూడా ఉండదు. చాలామందికి అదే నెలలో మెట్లు పెరిగి, ప్రోటీన్ సగానికి పడిపోతుంది. ముందే లెక్క రాసిచ్చాం: మీల్‌మేకర్ పొడిగా 40 గ్రాములు (20 గ్రాముల ప్రోటీన్), పాలు అర లీటరు (16), కందిపప్పు 60 గ్రాములు (13), నానబెట్టిన పెసలు 50 (12), పెరుగు 200 (7), శనక్కాయలు 30 (7), అన్నం, సంగటి కలిపి 20 దాకా. మొత్తం 95 వస్తుంది. వే ప్రోటీన్ ఒక స్కూపు కలిపితే 115 దాటుతుంది.

శనివారం ఒంటిపూట ఉపవాసం ఉంటారు. ఖాళీ కడుపుతో మూడు గంటలు మెట్లెక్కడం మంచిది కాదని చెప్పాం. ఆయన ఆచారంలో పండ్లు తినొచ్చు కాబట్టి బయలుదేరే ముందు రెండు అరటిపండ్లు, దారిలో గంటకు అర లీటరు నీళ్లు, పైకి వెళ్లాక ఉప్పు వేసిన మజ్జిగ. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉపవాసంతో కొండెక్కాలనుకుంటే మందు మోతాదు డాక్టరును అడగకుండా వెళ్లకూడదు. దారి మధ్యలో షుగర్ పడిపోవడం ప్రమాదం.

పన్నెండు వారాలకు

బరువు 84 నుంచి 80.4. నడుము 101 నుంచి 95. నాడి 66. బీపీ 128/82. 30 సెకన్లలో లేవడం 13 నుంచి 18. ఒంటికాలి పిక్కలు కుడి 21, ఎడమ 23. 20 సెం.మీ. పెట్టె మీంచి దిగితే నొప్పి ఒకటి. బెంచీ స్క్వాట్ 12 నుంచి 24 కిలోలు, డెడ్‌లిఫ్ట్ 30 నుంచి 60. బెంచ్ ప్రెస్ మాత్రం కదల్లేదు. పాత వారంలో ఛాతీకి ఒక రోజంతా ఉండేది, ఇప్పుడు తగ్గింది కాబట్టి అది నిలబడటమే మాకు చాలు. ఆయనకు మాత్రం ఇంకా అసంతృప్తిగానే ఉంది.

పెరటాసి నాలుగు వారాలకు ప్లాన్ మార్చాం. ప్రతి శనివారం 3,550 మెట్లు ఉన్నప్పుడు బుధవారం యథాతథంగా ఉండలేదు. బరువులు తగ్గించకుండా సెట్లు సగానికి తగ్గించాం. 24 కిలోలతో స్క్వాట్ రెండు సెట్లు, 60తో డెడ్‌లిఫ్ట్ ఒకటే సెట్, పిక్కలు రెండు. బరువు అలాగే ఉండి సెట్లు తగ్గితే బలం నెల రోజులు తేలిగ్గా నిలుస్తుంది, బరువు తగ్గించి సెట్లు ఉంచితే నిలవదు. శుక్రవారం జిమ్ లేదు. గురువారం సైకిల్ 20 నిమిషాలు. సోమవారం నొప్పి మూడు దాటితే బుధవారం స్క్వాట్ రద్దు అని ముందే రాసుకున్నాం, ఒకసారి అమలు చేశాం.

నాలుగు శనివారాలూ నడిచే ఎక్కారు. మొదటిది 2 గంటల 40 నిమిషాలు. మూడో శనివారం వాన, మెట్లు జారుతున్నాయని మెల్లగా వెళ్లి మూడు గంటలు దాటింది, అదే సరైన పని. నాలుగోదాని తర్వాత ఆదివారం మోకాలు రెండు, సోమవారం సున్నా.

ఇప్పుడు నెలకో శనివారమే కొండ. మిగతా మూడు వారాల్లో సోమవారానికి రెండు సెట్ల స్క్వాట్ చేర్చాం, కొండెక్కే వారంలో అవి ఉండవు. బార్‌బెల్ స్క్వాట్ ఖాళీ బార్‌తో, బెంచీ హద్దుతో మళ్లీ మొదలైంది. కుడి పిక్క ఇంకా ఎడమ కంటే రెండు రెప్స్ వెనకే ఉంది, బుధవారం కుడి కాలికి ఒక సెట్ అదనంగా నడుస్తోంది.